మిడతకో మంచె

జనవరి 11

సుత్తికి,

ఇక్కడ క్షేమం. నువ్వూ క్షేమమే అనుకుంటాను. ఈ ఉత్తరం ఏమని మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు పాడుచేశాను. విడాకుల కాగితంలో భార్య గురించి ఉంది, భర్త గురించి ఉంది, బీరువా ఎవరికి చెందాలో కూడా ఉంది. ఆడపడుచు సంగతి ఎక్కడా రాయలేదు. అందుకని మీ నాన్న నీకు చిన్నప్పుడు పెట్టిన పేరుతోనే పిలుస్తున్నాను. ఆ పేరు నా పెళ్ళితో వచ్చింది కాదు కనుక పెళ్ళితోపాటు పోదనుకుంటాను.

ఫోను చేయవచ్చు. కాని మీ వర్క్‌షాపులో రంపం మోత మధ్య నువ్వు అన్నింటికీ "ఆఁ ఆఁ" అంటావు, తర్వాత నీకు తోచింది చేస్తావు. కాగితం మీద ఉంటే నేనేం అడిగానో ఇద్దరికీ గుర్తుంటుంది.

విషయం మిడత గురించి. ఆ పిల్లి గెంతులు నీకు తెలియనివి కావు. ఇప్పుడు ఒళ్ళు చేసింది, గెంతు మాత్రం తగ్గలేదు. దుకాణంలో ఒక క్యాట్ ట్రీ కొన్నాను. తాడు చుట్టిన సన్నటి గుంజ, పైన అన్నం కంచమంత పీట, కింద ఇంకో కంచమంత పలక. చెట్టు అన్నాక వేళ్ళుండాలి కదా, దీనికి లేవు. మిడత దాని మీంచి బీరువా పైకి దూకబోతే గుంజ వెనక్కి ఒరిగింది. అది కింద పడి వెనక కాలు బెణికించుకుంది. ఎముక విరగలేదని డాక్టరు చెప్పాడు. దూకవద్దంటే ఊరుకునే పిల్లి కాదట, ఎక్కడానికి ఏమీ లేకపోతే కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతుందట. మాది మూడో అంతస్తు.

కాబట్టి ఒక మంచె కావాలి. తక్కువ ఎత్తు, నా నడుము దాటకూడదు. అడుగు వెడల్పు. బరువు. నాటకాలకు రాజసౌధాలు కట్టే చేతులకు ఇదొక లెక్క కాదనుకుంటాను.

ఇంకో సంగతి. విడిపోయేటప్పుడు మీ అన్న, "పిల్లి నీ దగ్గరే ఉండనీ, దానికేమైనా అయితే మాత్రం నేను తీసుకెళ్తా" అన్నాడు. సరేనన్నాను. ఇప్పుడు ఆయన ఉండే ఇంట్లో కుక్కలున్నాయి. కాలు సంగతి ఆయనకు చెప్పవద్దు.

ఇట్లు,
మిడత తాలూకు మనిషి


జనవరి 19

వదినా!

వదినా, వదినా, వదినా. చూశావా, ఎన్నిసార్లు రాశానో! ఏ కోర్టు వచ్చి కొట్టేస్తుందో కొట్టెయ్యమను. మిడత తాలూకు మనిషట! అంత పెద్ద చదువు చదివి, ఊళ్ళో వాళ్ళందరికీ కట్టుడు పళ్ళు చేసిపెట్టి, చివరికి సంతకం పెట్టడానికి పిల్లి పేరు అరువు తెచ్చుకున్నావా?

నీ ఉత్తరం రాగానే మా ఫోర్‌మన్‌కి చదివి వినిపించాను. భయపడకు, మిడత ముక్క వరకే. ఆయనకు పిల్లులంటే పడదు, అయినా "పాపం" అన్నాడు. ఇక్కడ ఊపిరి తీసుకోవడానికి లేదు. రాజుల నాటకం ఒకటి తయారవుతోంది. డైరెక్టరుకి కోట కావాలి, అది మూడో అంకంలో తగలబడుతున్నట్టు కనబడాలి, నాలుగో అంకంలో అదే కోట మళ్ళీ కావాలి. రాజు వేషం వేసే ఆయనకి ఈమధ్య పొట్ట పెరిగింది. సింహాసనం వెడల్పు చేసి ఇచ్చాం. ఆయన కూర్చుని చూసి, "ఇప్పుడు రాజులా ఉన్నాను" అన్నాడు. నోరు మూసుకుని నవ్వుకున్నాం.

మంచె సంగతి నాకొదిలెయ్. అయినా వదినా, నడుము దాటకూడదంటావేంటి? ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని సామెత. మన మిడత రెంటికీ ఎగురుతుంది! దానికి పొట్టి పీట వేసి కూర్చోమంటే ముఖం మాడ్చుకోదా? పిల్లి అన్నాక అందరినీ పైనుంచి చూడాలి, అప్పుడే దానికి అన్నం సయిస్తుంది. నువ్వు చూస్తూ ఉండు, దుకాణంవాడు నోరెళ్ళబెట్టేలా చేసి పంపిస్తాను. సెట్టు సామాను మోసే లారీ మీ వైపే వస్తుంది.

అన్నయ్యకు నా నోట ఒక్క ముక్క పోదు. ఒట్టు.

నీ సుత్తి


ఫిబ్రవరి 8

సుత్తికి,

నువ్వు పంపిన కోట చేరింది. బురుజు ఉంది కనుక కోట అంటున్నాను. లారీ డ్రైవరు ఒంటి చేత్తో మూడో అంతస్తుకు మోసుకొచ్చాడు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

ముందు బాగున్నది చెబుతాను. రాతి రంగు చాలా బాగా వేశావు. పక్కింటావిడ చెయ్యి పెట్టి చూసి, "రాయి చల్లగా లేదేంటండీ?" అంది. కిటికీలకు ఊచలు కూడా గీశావు. ఎత్తు నా అంత ఉంది. నేను నడుము అని రాశాను.

మిడత దాని చుట్టూ తిరిగి వాసన చూసింది. ఒక పూటంతా దానికి వీపు పెట్టి కూర్చుంది. తర్వాత నేను బల్ల దగ్గర పనిలో ఉండగా ఒక్క గెంతులో బురుజు మీదికి చేరి, అక్కణ్ణుంచి గది మొత్తం కలయజూసింది. అంతవరకూ బాగానే ఉంది. నువ్వుంటే చప్పట్లు కొట్టేదానివి. ఆ తర్వాత బీరువా పైకి దూకింది. పిల్లి ముందుకు పోయింది, కోట వెనక్కి పోయింది.

కోట నా బల్ల మీద పడింది. బల్ల మీద ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారి పై వరస పళ్ళు మైనంలో అమర్చి ఉన్నాయి. ల్యాబ్‌లో పని తెమలక ఇంటికి తెచ్చుకున్నాను. అవి గదంతా చెల్లాచెదరయ్యాయి. ఒక కోరపన్ను ఎంతకీ కనబడలేదు, చివరికి ఫ్రిజ్ కింద దొరికింది.

మిడత బీరువా అంచు పట్టుకుని వేలాడి, జారి, అదే కాలి మీద పడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఈసారి డాక్టరు కట్టు కట్టాడు. "మళ్ళీ ఏం పెట్టారండీ ఇంట్లో?" అన్నాడు. "కోట" అన్నాను. ఆయన అది రాసుకోలేదు.

ముక్కలు వరండాలో పెట్టాను. గాలికి కదులుతున్నాయి. నేను తక్కువ ఎత్తు అన్నాను, వెడల్పు అన్నాను, బరువు అన్నాను. ఈ మూడింటిలో ఒక్కటీ ఎందుకు లేదో తెలుసుకోవాలని ఉంది. కోపంతో కాదు, ఊరికే అడుగుతున్నాను.

ఇట్లు,
కోటలో మిగిలినవాళ్ళం


ఫిబ్రవరి 13

వదినా,

నా చేతులు పడిపోనూ! మిడత కాలు ఎలా ఉంది? అన్నం తింటోందా? గోకుతోందా? కట్టు నోటితో పీకుతుందేమో చూస్తూ ఉండు. అది అసలే పెంకి ఘటం.

నువ్వు ఊరికే అడుగుతున్నానంటే నాకు ఇంకా భయం వేస్తుంది. తిట్టరాదూ? మా ఫోర్‌మన్ తిడితే మధ్యాహ్నానికి కలిసి టీ తాగుతాం. నువ్వు తిట్టవు, ఊరికే అడుగుతావు.

ఎందుకు లేదంటే, మా పని అలాంటిది. చూడ్డానికి కొండ, ఎత్తడానికి దూది. దీపాలు ఆర్పిన కాసేపట్లో ఇద్దరు మనుషులు కోట మొత్తాన్ని లోపలికి లాగెయ్యాలి. అందుకే అంతా డొల్ల. సన్నటి చట్రం, దాని మీద గుడ్డ, గుడ్డ మీద రంగు. రాజుగారు గోడకి ఆనుకుని ఏడుస్తుంటే గోడ వెనక ఒకళ్ళు భుజం ఆనించి కాస్తుంటారు. ప్రతి గోడకీ ఒక మనిషి ఉంటాడు వదినా. చెయ్యి అలవాటు కొద్దీ చేసుకుపోయాను. నీ ఇంట్లో అలా వెనక నిలబడి పట్టుకునే మగమనిషి లేడన్న సంగతే నాకు తట్టలేదు!

అన్నట్టు మొన్న అన్నయ్య వర్క్‌షాపుకి వచ్చాడు. వాళ్ళింట్లో తలుపు బిగుసుకుపోతోందట, చెక్క గీరే చిత్రిక కావాలన్నాడు. మాటల్లో మిడత ఎలా ఉందన్నాడు. "భేషుగ్గా ఉంది" అన్నా. అబద్ధమాడితే నా చెవులు ఎర్రబడతాయని నీకు తెలుసుగా, టోపీ కిందికి లాక్కున్నా. చిత్రిక పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇంకొకటి చేస్తాను. ఈసారి బురుజు ఉండదు. నామీద ఒట్టు.

సిగ్గుతో,
సుత్తి


ఫిబ్రవరి 22

మేస్త్రీ గారికి,

నమస్కారం.

మీ ఉత్తరం అందింది. దాని వెనకాలే మీ అన్నగారు కూడా వచ్చారు. గుమ్మంలో నిలబడే, "దాని కాలికి దెబ్బ తగిలిందట" అన్నారు. ఎవరు చెప్పారని నేను అడగలేదు. అడగవలసిన అవసరం కనబడలేదు. టోపీ చెవులను దాస్తుంది, నోటిని దాయదు.

ఆయన లోపలికి వచ్చి కట్టు చూశారు. వరండాలో ముక్కలు చూశారు. మిడత ఆయన ఒళ్ళో కూర్చుంది, కూర్చోవడం సహజమే. వానలో తడుస్తున్న పిల్లికూనను కోటు జేబులో వేసుకుని ఇంటికి తెచ్చింది ఆయనే. "మాది కింది ఇల్లు. పడ్డా దెబ్బ తగలదు" అన్నారు. కుక్కల సంగతి అడిగితే "అలవాటవుతాయి" అన్నారు. కట్టు విప్పాక, మార్చి 22న బుట్ట తీసుకుని వస్తారట. అప్పటికి ఇంట్లో దానికి దూకడానికి సరైన చోటు కనబడకపోతే తీసుకెళ్తారు. నేను ఇచ్చిన మాట ఆయన గుర్తుచేశారు. కాగితంలో లేకపోయినా మాట మాటే.

మరొక విషయం. నా ఇంట్లో వెనక నిలబడి పట్టుకునే మగమనిషి లేడన్న సంగతి మీకు తట్టకపోయినా నాకు తెలుసు. రోజూ సాయంత్రం తాళం తీసేటప్పుడు తెలుస్తూనే ఉంటుంది. దాన్ని ఎవరూ రాసి పంపించనక్కర్లేదు.

దయచేసి ఇక ఏ సామానూ పంపవద్దు. కోట తాలూకు ముక్కలు కావాలంటే లారీని పంపండి.

ఇట్లు,
మూడో అంతస్తులో అద్దెకుండేవారు


ఫిబ్రవరి 27

వదినా,

మేస్త్రీ గారట! మీరట! నమస్కారమట! నన్ను చెంపమీద ఒకటి కొట్టి ఉంటే ఇంతకంటే బాగుండేది. నీ ఉత్తరం చదివి నేను ఏడుస్తుంటే కంట్లో రంపపు పొట్టు పడిందనుకుని ఫోర్‌మన్ చెంబుడు నీళ్ళు ముఖాన కొట్టాడు. ఆ తడి బట్టలతోనే వర్క్‌షాపులోంచి బయటపడ్డాను.

నేను చెప్పలేదు. చెప్పలేదు గాక చెప్పలేదు. పని ఆపి నేరుగా అన్నయ్య దగ్గరికి వెళ్ళి, ఎవరు చెప్పారో చెబితేగాని కదలనని గుమ్మంలో కూర్చున్నాను. కుక్కలు నా చెప్పు నమిలేశాయి. క్లినిక్ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసిందట, "మీ పిల్లికి కట్టు మార్చాలి, ఎప్పుడు తెస్తారు?" అని. మొదటి టీకాకి మిడతని తీసుకెళ్ళింది అన్నయ్యే కదా. కార్డు మీద ఇంకా ఆయన నంబరే ఉంది. మీరిద్దరూ విడిపోయారని కోర్టుకి చెప్పారు, మా అందరికీ చెప్పారు, క్లినిక్‌కి చెప్పడం మర్చిపోయారు. నమ్మకపోతే వెళ్ళి కనుక్కో.

ఇక రెండో మాట. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని అమ్మ చెబుతూనే ఉండేది, నాకు తలకెక్కితేగా. నేను రాసింది మా స్టేజీ గోడల గురించి. ఆ గోడల వెనక భుజం ఆనించి నిలబడేది ఎక్కువసార్లు నేనే వదినా! మరి మగమనిషి అని ఎందుకు రాశానో నాకే తెలీదు. చేతికి రంపం ఇచ్చినట్టు కలం కూడా చూసి ఇవ్వాలి నాకు. నువ్వు తాళం తీసేటప్పటి సంగతి చదివాక నాకు రెండు రోజులు ముద్ద దిగలేదు.

అన్నయ్యతో కూడా పోట్లాడాను. "అలవాటవుతాయి" అన్నాడు నాతోనూ. "ఎవరికెవరు అలవాటవుతారు, ముందు అది చెప్పు" అన్నా. కుక్కలు నమిలిన నా చెప్పు వంక చూశాడు.

మంచె కావాలో వద్దో ఒక్క మాట రాయి. కావాలంటే ఈసారి నాకు తోచింది ఒక్కటీ చెయ్యను. నువ్వు గీత గియ్యి, నేను కోస్తాను.

నువ్వు ఏమని పిలిచినా సరే,
నీ సుత్తి


మార్చి 8

సుత్తి గారికి,

"గారు" ఒకేసారి తీసేయలేకపోతున్నాను. మెల్లగా తీస్తాను.

క్లినిక్‌కి వెళ్ళాను. మీరు రాసింది నిజమే. ఆ అమ్మాయి నంబరు కొట్టేసి నాది రాసుకుంది. "సంబంధం?" అని అడిగింది. "ఎవరికి?" అన్నాను. "పిల్లికండీ" అంది. "ఇంటావిడ" అన్నాను. మిమ్మల్ని అనుమానించినందుకు ఏం రాయాలో తెలియడం లేదు. కోర్టులో ఒక సంవత్సరం కూర్చుంటే ఎదుటివాళ్ళు ఏం మాట్లాడినా రెండో అర్థం వెతకడం అలవాటవుతుంది. అది ఇంకా పోలేదు.

మంచె కావాలి. మిడత లేకుండా ఈ ఇంట్లో ఉండగలనని నేను అనుకోవడం లేదు.

కట్టు విప్పారు. నడుస్తోంది, కుంటడం లేదు. దాన్ని ఊరికే చూస్తూ కూర్చోకుండా ఒక పని చేశాను. మా ల్యాబ్‌లో కొత్త పళ్ళు పెట్టాక రెండు వరసల మధ్య రంగు కాగితం ఉంచి కొరకమంటాం. రంగు ఎక్కడ అంటుకుంటే ఒత్తిడి అక్కడ పడుతోందన్నమాట. అలాగే పాత ముక్కాలిపీట ఒకటి గోడకు గట్టిగా ఆనించి, దాని మీద మైదా పల్చగా జల్లి మిడతను వదిలాను. ఎక్కింది, నిలబడింది, కిటికీ గట్టు మీదికి దూకింది. పీట మధ్యలో అడుగులు సరిగ్గా, విడివిడిగా ఉన్నాయి. వెనక అంచు దగ్గర మాత్రం పిండి మొత్తం ఈడ్చుకుపోయింది. దూకే ముందు వెనక కాళ్ళు రెండూ అంచుకు తెచ్చి, వెనక్కి తన్ని, అప్పుడు లేస్తుంది. మంచెను పడేసేది దాని బరువు కాదు, ఆ తన్ను.

అంటే పై పీట అడుగు పలకను దాటి బయటికి రాకూడదు. అడుగు అన్ని వైపులా పీటకంటే బాగా వెడల్పుండాలి. మోకాలి ఎత్తున ఒక మెట్టు, నడుముకు కొంచెం కింద ఇంకొకటి, చాలు. రెండూ మిడత ఒళ్ళు విరుచుకుని పడుకునేంత పెద్దవి కావాలి. గుంజ ఒక్కటి కాదు, నాలుగు, లావువి. మీద గోనెపట్టా బిగించు, నున్నగా ఉంటే జారుతుంది.

అడుగున ఒక పెట్టెలాగా చేసి ఖాళీగా వదిలెయ్. బరువు సంగతి నేను చూసుకుంటాను. లారీ డ్రైవరు ఒంటి చేత్తోనే మోసుకురావచ్చు, పర్వాలేదు.

రంగులు వేయవద్దు.

ఇట్లు,
మిడత ఇంటావిడ

తా.క. "బిగించు", "వదిలెయ్" అని రాసిన చోట "గారు" దానంతటదే ఊడిపోయింది. మళ్ళీ దిద్దలేదు.


మార్చి 17

వదినా,

ఊడిపోయిందా! దాన్ని మళ్ళీ అతికించకు, నీ చేతికి అతికించే అలవాటు ఎక్కువ.

మంచె పంపిస్తున్నాను. దీనికి రంగు లేదు, ఊచలు లేవు, బురుజు లేదు. అంత బోడిగా ఒక వస్తువు నా చేతి నుంచి వెళ్ళడం ఇదే మొదటిసారి. నువ్వు చెప్పినట్టే నాలుగు గుంజలు, రెండు పీటలు, అడుగున పెట్టె. మేకు ఒక్కటి లేదు, అంతా బోల్టులు. నాటకాలకి వాడే పల్చటి చెక్క కాదు, సింహాసనం వెడల్పు చేసినప్పుడు మిగిలిన గట్టి చెక్క. రాజుగారి పొట్టనే మోసింది, మిడతని మొయ్యదా?

పెట్టెలో ఇసుక బస్తాలు పేర్చి పరీక్ష చేశాం. మొదట నేను ఎక్కి వెనక్కి తన్ని దూకాను. తర్వాత ఫోర్‌మన్ ఎక్కాడు. పిల్లులంటే పడని మనిషి, "పిల్లి ఎలా తంతుందమ్మా?" అని అడిగి మరీ తన్నాడు. ఆయన కింద పడ్డాడు, మంచె పడలేదు. నడుం పట్టేసింది పాపం, రెండు రోజులుగా వంగడం లేదు.

చెక్క అంచులు నా అరచేతితో తడిమి చూశాను, ఒక్క పేడు గుచ్చుకోదు. వదినా, ఇంత నిలకడగా ఉండే వస్తువు నేను ఎప్పుడూ చెయ్యలేదు. చేసింది చేసినట్టు రోజూ అలాగే ఉంటుందంటే నాకే ఎలాగో ఉంది.

ఆదివారం అన్నయ్య వస్తాడు కదా, నన్ను కూడా రమ్మంటావా? వస్తే అన్నయ్య పక్షాన వచ్చానని నువ్వు అనుకుంటావేమో, నీ పక్షాన వచ్చానని అన్నయ్య అనుకుంటాడేమో. ఏ హోదాలో రావాలో నువ్వే చెప్పు. చెప్పకపోతే రాను, కాని ఆ రోజంతా ఇక్కడ వేలి మీద సుత్తి కొట్టుకుంటూ ఉంటాను.

నీ సుత్తి


మార్చి 22

సుత్తికి,

నీ ఉత్తరం మంచెతోపాటే వచ్చింది. జవాబు కావాలనే రాయలేదు. ఇది నేనూ మీ అన్నా మిడతా తేల్చుకోవలసిన సంగతి. నువ్వుంటే ముగ్గురం నిన్ను చూస్తూ కూర్చునేవాళ్ళం. వేలికి దెబ్బ తగలలేదని ఆశిస్తాను.

పెట్టె నింపిన సంగతి ముందు చెబుతాను. మా ల్యాబ్ వెనక గదిలో పాత అచ్చులు చాలా పడి ఉంటాయి. పళ్ళు చేసి ఇచ్చేశాక మనుషుల దవడల ప్లాస్టర్ నమూనాలు కొన్నేళ్ళు దాచి, తర్వాత పారేస్తాం. ఈ ఏడు పారేయవలసినవన్నీ నేను తెచ్చుకున్నాను. పెట్టెలో వరసగా పేర్చి, సందుల్లో తడి ప్లాస్టర్ పోసి బిగించాను. ఆరాక నేనూ పక్కింటావిడా కలిసి నెట్టినా జరగలేదు. ఊళ్ళో సగం మంది దవడల మీద ఇప్పుడు మిడత పడుకుంటోంది. హెడ్మాస్టరు గారిది లేదు, ఆయన పని ఇంకా నడుస్తోంది.

మీ అన్న బుట్ట పట్టుకుని పొద్దున్నే వచ్చాడు. నేను భయపడ్డాను. అలాంటివి నేను మామూలుగా రాయను. మిడత వెళ్ళిపోతే, నేను తాళం తీసేసరికి తలుపు దగ్గరికి వచ్చే ప్రాణి ఈ ఇంట్లో ఉండదు. ముందు కాఫీ కలిపి ఇచ్చాను.

ఆయన కింద కూర్చుని మంచెను రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. కదల్లేదు. లేచి కాలితో నెట్టాడు. కదల్లేదు. "ఏం పోశావ్ ఇందులో?" అన్నాడు. "పాత అచ్చులు" అన్నాను. కింది మెట్టు మీద తన కాఫీ కప్పు పెట్టి, "ఏదీ, ఎక్కమను" అన్నాడు.

మిడత మంచం కింద ఉంది, రాలేదు. ఇద్దరం ఎదురుచూశాం. ఆయన కప్పు వంక చూశాడు, నేను బుట్ట వంక చూశాను. చాలాసేపటికి అది బయటికి వచ్చి నేరుగా బుట్ట దగ్గరికి వెళ్ళింది. వాసన చూసి లోపలికి ఎక్కి కూర్చుంది.

మీ అన్న మూత మీద చెయ్యి వేశాడు.

మూత వెయ్యలేదు. ఎందుకో ఆగాడు. మిడత బుట్టలోంచి తల ఎత్తి కిటికీ వైపు చూసింది. లేచింది. కింది మెట్టు, పై పీట, అక్కడ వెనక కాళ్ళు అంచుకు తెచ్చుకుని ఒక్క తన్ను తన్ని కిటికీ గట్టు మీదికి. మళ్ళీ అక్కణ్ణుంచి పూర్తి బరువుతో పై పీట మీదికి దూకింది. పీట నుంచి చప్పుడు లేదు. కప్పులో కాఫీ అంచు దాటలేదు. నేనూ ఆయనా ఒకేసారి కప్పులోకి చూశాం.

ఆయన నవ్వాడు. సీసా మూత పళ్ళతో తీయబోయి పగలగొట్టుకుంటే ముందు పన్ను నేనే చేసి పెట్టాను, నీకు గుర్తుందా? ఇంకా రంగు మారలేదు.

"ఇక్కడే ఉండనీ" అన్నాడు. మిడత మెడ కింద గోకి, మెట్ల దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చి, "బుట్ట కూడా ఉంచుకో, క్లినిక్‌కి పనికొస్తుంది" అన్నాడు. తలుపు వేశాక నేను కింద కూర్చుని మంచెను ఆనుకుని ఏడ్చాను. గట్టిగానే ఏడ్చాను. అది కదల్లేదు.

ఒక సంగతి ఆయనకు చెప్పలేదు, నీకు చెబుతున్నాను. ఆ ముందు పన్ను కోసం అప్పట్లో తీసిన మీ అన్న దవడ అచ్చు కూడా వెనక గదిలో దొరికింది. పారేయవలసిన వాటిలో అదీ ఉంది. ప్లాస్టర్ పోసే ముందు అడుగున, వెనక మూల పెట్టాను. మిడత తన్ను సరిగ్గా ఆ మూల మీదే పడుతుంది. కాబట్టి నా ఇంట్లో వెనక నిలబడి పట్టుకునే మగమనిషి లేడని ఇక ఎవరూ రాయడానికి లేదు.

నువ్వు హోదా అడిగావు. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. పూర్తి మొగుడు వెళ్ళిపోయాడు, అర్ధం ఉండనీ. ఆడపడుచు ఎలా వస్తుందో అలాగే రా. చెప్పకుండా వచ్చి, వంటింట్లో డబ్బాలన్నీ తీసి చూసి, కాఫీ బాగా లేదని చెప్పు.

నీ వదిన


మార్చి 26

వదినా,

శనివారం వస్తున్నాను. చెప్పకుండా రమ్మన్నావు, ఆ ఒక్కటీ నావల్ల కాలేదు.

నీ ఉత్తరం ఫోర్‌మన్‌కి పూర్తిగా చదివి వినిపించాను. నడుం పట్టుకుని నవ్వలేక నవ్వాడు. చివరి పేరా మాత్రం చదవలేదు. అది నాది.

అన్నయ్య దవడ ఏ మూలన ఉందో వేలు పెట్టి చూపించాలి. ఆ పక్కనే కూర్చుని, చిన్నప్పటి నుంచి ఆయనకి చెప్పాలనుకున్నవన్నీ చెప్పేస్తాను. ఈసారి మధ్యలో లేచి వెళ్ళలేడు.

కాఫీ బాగా లేదు.

నీ ఆడపడుచు